తురహళ్లి అంచున మా ఇంటికి అగ్నిభద్రత తనిఖీ: ఇచ్చిన డబ్బుకు తగిన పనేనా?

కిందటి మార్చిలో ఒక మధ్యాహ్నం మా ఇంటి పక్కనున్న ఖాళీ సైటులో ఎవరో ఎండుటాకులు పోగు చేసి, నిప్పంటించి, ఆరిందో లేదో చూసుకోకుండా వెళ్లిపోయారు. బెంగళూరులో కనకపుర రోడ్డు నుంచి లోపలికి, తురహళ్లి అడవి అంచున ఉంటాం మేము. ఆ నెలకల్లా ఇక్కడి గడ్డి మోకాలెత్తున ఎండి, లాంటానా పొదలు చిటపటమనేలా తయారవుతాయి. అగ్నిమాపక వాహనం త్వరగానే వచ్చింది, మంట మా ప్రహరీ గోడ దాటలేదు, ఇరుగుపొరుగు వాళ్లందరం ఊపిరి పీల్చుకున్నాం. అయితే సాయంత్రం వడియాలు తీసుకురావడానికి మిద్దెమీదికి వెళ్లిన మా అత్తయ్య కిందికి వచ్చి, వడియాల గుడ్డను నా చేతిలో పెట్టారు. దాని మీద నాలుగైదు చోట్ల కాలిన చిల్లులున్నాయి. పైకి వెళ్లి చూస్తే, ఎండకు అడ్డంగా కట్టుకున్న వెదురు తెర అంచు అరచేయంత మేర నల్లగా మాడి ఉంది. మంట ముప్పై అడుగుల దూరంలోనే ఆగిపోయినా, దాని నిప్పురవ్వలు మాత్రం గాలి మీద మా మిద్దె ఎక్కి, తమంతట తామే ఆరిపోయాయన్నమాట.

ఆ వారంలోనే మా వారు వెతికి, ఇళ్లకు అగ్నిభద్రత తనిఖీ చేసే ఒక చిన్న సంస్థను పిలిచారు. ఈ సమీక్ష వాళ్ల పని గురించే. తనిఖీకి 3,500 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4,130 అయింది. వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. నాకూ వాళ్లకూ మధ్య ఒక చిన్న తగాదా ఇంకా తేలలేదు, అది తేలకుండా పేరు పెట్టి రాయడం న్యాయం కాదనిపించింది. ఇలాంటి సేవ ఇప్పుడు నగరంలో చాలామంది అందిస్తున్నారు కాబట్టి, పిలిచినప్పుడు ఏమి చేయించుకోవాలో, ఏమి కొనకుండా ఉండవచ్చో తెలిస్తే పేరు లేకపోయినా చదివేవారికి ఉపయోగమే.

పదింటికి వస్తామని చెప్పి పదకొండున్నరకు ఇద్దరు వచ్చారు. ఆలస్యానికి క్షమాపణ కూడా చెప్పలేదు. ఇద్దరిలో పెద్దాయనది చింతామణి దగ్గరి పల్లె, కోలారు సీమ తెలుగు మాట్లాడతాడు. రెండో అతను ఇరవై రెండేళ్ల కుర్రాడు, కన్నడిగుడు. పెద్దాయన చెప్పులు విప్పి లోపలికి రాగానే వంటిల్లు ఎక్కడని అడగలేదు, ఇంటికంతా కరెంటు పంచే డి.బి. బాక్సు ఎక్కడుందని అడిగాడు. మాకు అది వింతగా తోచింది, ఎందుకంటే ఇంట్లో నిప్పు అంటే గ్యాసే అన్న లెక్కలో ఉన్నాం.

బాక్సు మూత తీసి, ఇంట్లో ఉన్న గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఏసీ అన్నీ ఒకేసారి వేయించి, ఇరవై నిమిషాలు ఆగి, వేడిని చూపే థర్మల్ కెమెరా పెట్టి చూపించాడు. చుట్టూ ఉన్న ఎం.సి.బి.లు, అంటే కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్చులు, నలభై డిగ్రీల దగ్గర ఉంటే, గీజరుకు వెళ్లే వైరు బిగించిన ఒక్క స్క్రూ దగ్గర 83 డిగ్రీలు కనిపించింది. స్క్రూ వదులైతే అక్కడ నిరోధం పెరిగి వేడి పుడుతుంది గాని, వైరులో పారే కరెంటు ఏమీ పెరగదు. కరెంటు హద్దు దాటితేనే పడిపోయే ఎం.సి.బి.కి ఈ వేడి సంగతి తెలియదు. కాబట్టి పైన తొడుగు మాడి, పక్క వైరుకు అంటుకునేదాకా అది నిశ్చింతగా పనిచేస్తూనే ఉంటుంది. ఆయన మెయిన్ ఆపి, నల్లబడిన వైరు కొసను కత్తిరించి, కొత్తగా తొడుగు తీసి బిగించాక మళ్లీ చూస్తే 44 డిగ్రీలకు దిగింది. నన్నడిగితే ఆ 4,130 రూపాయలకు ఈ ఒక్క స్క్రూ చాలు.

అయితే అక్కడితో అయిపోలేదు. మా ఇల్లు 2009లో కట్టినది. అప్పుడు వంటింటి ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, 16 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టారు. ఆ రోజుల్లో ఫ్రిజ్జు, మిక్సీ తప్ప అక్కడ వేరే ఏమీ లేవు కాబట్టి అది సరిపోయింది. తర్వాత 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1,200 వాట్ల మైక్రోవేవ్, 1,500 వాట్ల కెటిల్ ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. మూడూ కలిసి నడిస్తే 20 ఆంపియర్లు దాటిపోతుంది, ఫ్రిజ్జు, గ్రైండరు వాటికి అదనం. మూడేళ్ల కిందట ఆ ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతోందని ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, ఆయన పది నిమిషాల్లో 32 ఆంపియర్లది తగిలించి వెళ్లాడు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా పడలేదు, పనిమంతుడు దొరికాడని మేమూ మురిసిపోయాం. ఎం.సి.బి. ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. ఆ వైరు మోయగలిగిన దానికంటే పెద్దది పెడితే, వైరు గోడలోపల ఉడుకుతున్నా అది ఊరుకుంటుంది. పెద్దాయన ఈ మాట ఎలక్ట్రీషియన్‌ను తిట్టకుండా, మమ్మల్ని చిన్నబుచ్చకుండా చెప్పిన తీరు నాకు నచ్చింది. 16 ఆంపియర్లది వెనక్కి పెట్టి, ఇండక్షన్ పొయ్యికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగించుకోమన్నాడు. ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు కారితే సరఫరా ఆపే స్విచ్చు) లేదని కూడా రాసుకున్నాడు. అది ముఖ్యంగా షాకు నుంచి కాపాడేదే అయినా, తడిసిన గోడల్లో కరెంటు కారుతుంటే పట్టిస్తుంది.

వంటింట్లో గడిపిన గంట కూడా దండగ కాలేదు. గ్యాసు గొట్టం నారింజ రంగుదే, ఐఎస్ఐ గుర్తున్నదే, కాని పొయ్యి వెనక మలుపు తిరిగిన చోట చిన్న బీటలు కనబడ్డాయి. దాని మీద అచ్చు వేసిన సంవత్సరం 2017. ఐదేళ్లకోసారి మార్చాలన్నది మాకు తెలుసు, మార్చామనే అనుకున్నాం. రెగ్యులేటరు మీద సబ్బు నురుగు రాసి బుడగలు వస్తాయేమో చూశాడు. పరీక్షించడానికి అగ్గిపుల్ల గీసే పెద్దమనుషులు ఇంకా ఉన్నారట. సిలిండరు మెడ దగ్గర పట్టీ మీద ఉండే అక్షరాన్ని చదవడం మా అత్తయ్యకు నేర్పించాడు. ఏ, బి, సి, డి అన్నవి సంవత్సరంలోని నాలుగు మూడునెలల భాగాలు, పక్కనున్న అంకె సంవత్సరం. బి-27 అని ఉంటే 2027 జూన్‌కల్లా ఆ సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలని అర్థం. అప్పటి నుంచి సిలిండరు తెచ్చే అబ్బాయిని గుమ్మంలోనే నిలబెట్టి, కళ్లజోడు పెట్టుకుని చదివిగాని ఆమె లోపలికి రానివ్వడం లేదు.

నూనె మంట గురించి ఆయన అడిగిన ప్రశ్నకు మా ఇంట్లో ముగ్గురం మూడు తప్పు జవాబులు చెప్పాం. సంక్రాంతికి అరిసెలు వండేటప్పుడు మూకుట్లో నూనె అంటుకుంటే ఏం చేస్తారమ్మా అని అడిగాడు. నేను నీళ్లన్నాను, మా వారు తీసుకెళ్లి సింకులో పెడతానన్నారు, అత్తయ్య ఉప్పు చల్లుతానన్నారు. చెంబెడు నీళ్లు మరిగే నూనెలో పడితే అడుగుకు దిగి, ఒక్కసారిగా ఆవిరై, సుమారు 1,700 రెట్లు ఉబ్బి, మండుతున్న నూనెను పైకప్పు దాకా ఎగజిమ్ముతాయి. మూకుడును కదిపితే నూనె తొణికి చేతుల మీద పడుతుంది. ఉప్పు సంగతి ఏమిటంటే, అంత మంటకు సరిపడా ఉప్పు చేతికందే చోట ఎవరికీ ఉండదు. బర్నరు కట్టేసి, మూకుడుకు సరిపోయే మూతను పక్క నుంచి జరిపి కప్పి, చల్లారేదాకా తీయకపోవడం ఒక్కటే పని. ఆ మూత ఎప్పుడూ పొయ్యి పక్కనే ఉండాలి, అటక మీద కాదు. దేవుడి గదిలో కొయ్య మందిరంలోనే దీపం పెడుతున్నందుకు కూడా మాట పడ్డాం, ఇప్పుడు దీపం ఇత్తడి పళ్లెంలో, మందిరానికి బయట వెలుగుతోంది.

ఇంత బాగా చేసిన మనుషులు గ్యాసు అలారం దగ్గర తప్పటడుగు వేశారు. మేము అడిగి మరీ కొన్న ఆ అలారాన్ని కుర్రాడు చిమ్నీ పక్కన, ఆరడుగుల ఎత్తులో బిగించేశాడు. పెద్దాయన అప్పుడు మిద్దెమీద ఉన్నాడు. సిలిండరులోని ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. కారితే నేల మీద పాకుతూ పోయి గట్ల కింద, గుమ్మాల దగ్గర మడుగు కడుతుంది. గాలిలో రెండు శాతం దగ్గరికి చేరితే చాలు, ఫ్రిజ్జు స్విచ్చులోని మెరుపుకు కూడా అంటుకుంటుంది. అలారం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. బెంగళూరులో ఇప్పుడు చాలా ఇళ్లకు గొట్టం ద్వారా వచ్చే సహజవాయువు గాలికంటే తేలికైనది కాబట్టి పైకి పోతుంది, ఆ ఇళ్లలో అలారం పైన పెట్టడమే సరి. కుర్రాడు అంతకుముందు రోజంతా అలాంటి అపార్ట్‌మెంట్లలో బిగించి వచ్చాడట, చెయ్యి అలవాటుగా పైకే పోయింది. నేను అడిగితే వాదించలేదు, పెద్దాయన దిగివచ్చి వెంటనే కిందికి మార్పించాడు. కాని నేను చూడకపోయి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మిగిలింది. డబ్బు తీసుకుని భద్రత అమ్మేవాళ్ల నుంచి ఇలాంటి పొరపాటు నేను తేలిగ్గా తీసుకోను. పొగ అలారాలను మాత్రం సరిగానే పెట్టారు, పడకగదుల ముందు నడవలో పైకప్పుకు. వంటింట్లో పెడితే పోపు వేసిన ప్రతిసారీ మోగుతుందని, అక్కడ 57 డిగ్రీల వేడికి మోగే రకం బిగించారు.

మెట్ల కింద చూసినప్పుడు పెద్దాయన ముఖం మొదటిసారి గంభీరమైంది. పై వాటాలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక యువజంట అద్దెకుంటున్నారు. ఆ అబ్బాయి విద్యుత్ స్కూటరును రాత్రంతా మెట్ల కింద చార్జింగు పెడతాడు. దాని పక్కనే మా ఇన్వర్టరు బ్యాటరీ, పాత దినపత్రికల కట్టలు. లిథియం బ్యాటరీ ఒకసారి లోపల అదుపు తప్పితే తన వేడిని తానే పుట్టించుకుంటుంది, పొడి చల్లి పైమంట ఆర్పినా మళ్లీ రగులుతుంది, చాలా నీళ్లతో చల్లబరచడం తప్ప దారి లేదు. అది అంటుకున్న చోటు పై వాటా వాళ్లు కిందికి దిగే ఏకైక మెట్ల దారి అయితే సంగతేమిటని ఆయన అడిగాడు. 2010 ఫిబ్రవరి 23న పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో 9 మంది చనిపోయినప్పుడు, మెట్లదారి పొగతో నిండి, బయటి తలుపులు తెరుచుకోక కొందరు కిటికీల్లోంచి దూకారు. ఆ సంగతి బెంగళూరులో పాతకాపులకు గుర్తే. స్కూటరు ఆ సాయంత్రమే ప్రహరీ లోపల, ఇంటికి ఎడంగా ఉన్న రేకుల నీడకు మారింది. పై వాటా అమ్మాయి "మేము చెబితే వినడు అక్కా, మీరు చెప్పించారు, మంచిదైంది" అంది.

గ్రిల్లుల విషయంలో మా ఇంట్లో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. దొంగల భయానికి ప్రతి కిటికీకి, బాల్కనీకి ఇనుప చట్రం బిగించుకున్నాం. 2021 సెప్టెంబరులో బన్నేరుఘట్ట రోడ్డు పక్కన దేవరచిక్కనహళ్లి అపార్ట్‌మెంటులో మంటలు లేచినప్పుడు, బాల్కనీ గ్రిల్లు అడ్డమై ఇద్దరు ఆడవాళ్లు బయటపడలేకపోయారు. ఆ దృశ్యం చూసినవారెవరూ మరచిపోలేదు. ప్రతి వాటాలో కనీసం ఒక గ్రిల్లుకు కీళ్లు పెట్టించి, లోపలి నుంచి తెరుచుకునేలా, తాళంచెవి పక్కనే మేకుకు వేలాడేలా చేయించమని సలహా ఇచ్చారు. పై వాటాకు చేయించాం. కింద మాత్రం, ఆ మేకు దొంగకూ అందుతుందని మా వారు వాదిస్తున్నారు.

ఇక మేము అసలు పిలిచిన కారణం, అంటే బయటి నిప్పు. ఇక్కడ వాళ్లు చూపిన శ్రద్ధ నేను ఊహించనిది. అడవి మంట గోడలా నడిచి వచ్చి ఇంటిని కాల్చేస్తుందని మనం అనుకుంటాం. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త కాలిపోయిన ఊళ్లను ఏళ్ల తరబడి పరిశీలించి, ఇల్లు నిలుస్తుందా కాలుతుందా అన్నది ఆ ఇంటిని, దాని చుట్టూ వంద అడుగుల లోపల ఉన్నవాటిని బట్టే ఎక్కువగా తేలుతుందని చూపించాడు. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణంలో, దాని చుట్టుపక్కల 85 మంది చనిపోయి, 18,000కు పైగా కట్టడాలు బూడిదైన చోట కూడా, ఇళ్ల మధ్య చెట్లు చాలా వరకు పచ్చగానే నిలబడ్డాయి. ఇళ్లను తగలబెట్టింది ముందుగా ఎగిరొచ్చిన నిప్పురవ్వలు, ఆ తర్వాత పక్కింటి మంట. మనవి అక్కడిలా కొయ్య ఇళ్లు కావు, సిమెంటు కప్పుకు రవ్వ అంటుకోదు. ఈ తేడాను పెద్దాయన మొదటే చెప్పి, అనవసరంగా భయపెట్టకపోవడం నిజాయతీ అనిపించింది. అయితే సిమెంటు కప్పు మీద మనం ఏం పెట్టుకుంటామో ఒకసారి చూడమన్నాడు. మా మిద్దెమీద వెదురు తెర, పాత పరుపు, ఎండిన కొబ్బరి మట్టలు, ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు, దాని పక్కనే రంగు డబ్బాలు ఉన్నాయి. గాలి వచ్చే జాలీల్లోంచి రవ్వలు సరాసరి అటకలోకి, అక్కడున్న అట్టపెట్టెల మీదికి దూరగలవు.

ఇంటి గోడకు ఐదడుగుల లోపల కాలే వస్తువు ఏదీ ఉండకూడదన్నది ఆయన పెట్టిన మొదటి నియమం. టేపు పట్టుకుని చుట్టూ తిరిగి, గోడకు ఆనించిన కట్టెలు, కిటికీ కింద పెరిగి ఎండిన కాగితపుపూల తీగ, కొబ్బరి పీచు పరిచిన కుండీలు అన్నీ రాసుకున్నాడు. జాలీలకు మూడు మిల్లీమీటర్ల కన్నున్న ఇనుప వల బిగించమన్నాడు. ఖాళీ సైటు యజమానితో మాట్లాడి, ప్రహరీ పొడవునా పదిహేను అడుగుల మేర గడ్డి కోయించి, ఫిబ్రవరి రాకముందే చేయించమన్నాడు. ఈ ప్రాంతంలో నిప్పు కాలం ఫిబ్రవరి నుంచి మొదటి వానల దాకా. బండీపుర అడవి వేల ఎకరాలు కాలింది 2019 ఫిబ్రవరిలోనే, తిరుమల కొండల మీద శేషాచలం అంటుకుని వాయుసేన హెలికాప్టర్లు దిగవలసి వచ్చింది 2014 మార్చిలోనే. సైటు యజమాని మొదట వినిపించుకోలేదు. కాలిన వడియాల గుడ్డను అత్తయ్య స్వయంగా తీసుకెళ్లి చూపించాక కూలీలను పంపాడు.

తనిఖీ ముగిశాక అమ్మకం మొదలైంది, అక్కడే వీళ్ల మీద నాకున్న గౌరవం కొంత తగ్గింది. మంటలోకి విసిరితే తానే పేలి ఆర్పే బంతులు నాలుగు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు మూడు, ఇంకేవో స్టిక్కర్లు కలిపి 19,000 రూపాయల లెక్క కాగితం మా చేతిలో పెట్టారు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడు గుర్తొచ్చాడు. బంతి ఎక్కడ పడాలో గురి చూసి విసరవలసింది భయంతో వణికే మనిషే కదా, పైగా మండే నూనె మూకుడు దగ్గర దాన్ని పేల్చడం నాకు నచ్చలేదు. వాటిని వద్దన్నాం. కట్టె, పెట్రోలు, గ్యాసు మంటలకు వాడే ఏబీసీ పొడి నింపిన నాలుగు కిలోల ఎక్స్‌టింగ్విషర్ సిలిండరుకు వాళ్లు 2,900 చెప్పారు. ఐఎస్ 15683 అనే భారతీయ ప్రమాణపు గుర్తు ఉన్నదే, అదే ఏడాది తయారైనదే, సిటీ మార్కెట్ దగ్గర 2,000కు దొరికింది. కొనేటప్పుడు మీటరు ముల్లు పచ్చభాగంలో ఉందో లేదో చూసుకోవాలి. ఈ ఎక్స్‌టింగ్విషర్‌ను పొయ్యి పక్కన పెట్టకూడదు, మంట దాటి వెళ్లి తెచ్చుకోనవసరం లేకుండా వంటింటి గుమ్మం బయట పెట్టుకోవాలి.

అయితే ఒక కిలో పాత ఎక్స్‌టింగ్విషర్ తెచ్చి మా అందరి చేతా వాకిట్లో నొక్కించడం మాత్రం డబ్బుకు మించిన పని. పిన్ను లాగడం, నాజిల్‌ను మంట మొదటికి గురిపెట్టడం, నొక్కి ఆ చివరి నుంచి ఈ చివరికి ఊపడం వినడానికి సులువే. పిన్ను మీది ప్లాస్టిక్ ముడిని తెంపడానికే నాకు అర నిమిషం పట్టింది. ఒక కిలోది సుమారు పది సెకన్లలో అయిపోతుంది, ఆ పది సెకన్లూ అత్తయ్య మంటకు బదులు తులసికోటను పొడితో ముంచెత్తారు. బయటికి వెళ్లే దారి మన వెనక ఉండేలా నిలబడాలని, ఒక సిలిండరుతో ఆరకపోతే రెండోది వెతకకుండా తలుపు మూసి బయటికి వచ్చి 101కో 112కో ఫోన్ చేయాలని, గ్యాసు లీకైతే 1906 అని చెప్పి, ఆ అంకెలు ఫ్రిజ్జు మీద తెలుగులో అంటించి వెళ్లారు.

రిపోర్టు పది రోజులకు వచ్చింది. ఇరవై రెండు పేజీలు, మొత్తం ఇంగ్లీషులో. మా అత్తయ్యకు గాని, పై వాటా వాళ్ల అమ్మకు గాని అక్కరకు రాదు. అందులో మా ఇంటి లిఫ్టు బాగుందని రాశారు, మాకు లిఫ్టు లేదు. గీజరు స్క్రూ సంగతి ఒక్క వరుసలో ఉంది, ఖాళీ సైటు సంగతి అసలు లేదు. నోటితో అంత చక్కగా చెప్పిన మనిషి మాటలు కాగితం మీదికి రాకపోవడమే నేను పైన చెప్పిన తగాదా. సొంత ఇల్లున్నవారికి, ముఖ్యంగా పదేళ్లు దాటిన వైరింగు ఉన్నవారికి తనిఖీ వరకు నేను ధైర్యంగా సిఫారసు చేస్తాను. వస్తువులు మాత్రం బయట కొనుక్కోండి, తనిఖీ జరిగినంత సేపూ వెంట తిరిగి మీరే రాసుకోండి. ఆరు నెలల్లో ఒక ఉచిత మరుతనిఖీ ఉందన్నారు. దానికి ఆ చింతామణి పెద్దాయననే పంపమని, సరిచేసిన రిపోర్టు తెమ్మని రెండుసార్లు ఫోన్ చేశాను. చూద్దామన్నారు.